స్టూడెంట్ చేతిలో హెలికాప్టర్: ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? చెయ్యెత్తండి... సరే, బాగుంది. నన్ను ఇవాళ మాట్లాడమన్నది ట్రైనింగ్‌లో జరిగే హెలికాప్టర్ ప్రమాదాల గురించి. మీలో సగం మంది ఇంకా సోలో, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం, చెయ్యలేదట. వాళ్ళ ముందు ఇవన్నీ మాట్లాడితే బెదిరిపోతారేమో అని ఇందాక ఒకాయన అన్నారు. బెదిరితే బెదరనివ్వండి. కాస్త భయం ఉన్నవాడే ప్రీఫ్లైట్‌లో, అంటే ఎగరబోయేముందు చేసే తనిఖీలో, డిప్‌స్టిక్ నిజంగా బయటికి తీసి ఆయిల్ చూస్తాడు, లేనివాడు చూసినట్టు టిక్ పెట్టేస్తాడు.

హెలికాప్టర్ ప్రమాదం అనగానే జనం ఊహించుకునేది ఒకటే. పైన ఎక్కడో ఇంజన్ ఆగిపోయింది, హెలికాప్టర్ అమాంతం కింద పడింది. అలా పడదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ట్రైనింగ్‌లో హెలికాప్టర్లు పాడయ్యేది చాలావరకు పైన కాదు. నేల మీదో, నేలకి మూడు నాలుగు అడుగుల ఎత్తులోనో, స్పీడు అసలే లేనప్పుడు, ఇవాళ్టికి క్లాసు అయిపోయింది అనుకున్న నిమిషంలో. చాలాసార్లు మనిషికి గీత కూడా పడదు, మిషన్ మాత్రం తుక్కు. అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదు.

నేను చెప్పదలుచుకున్న విషయం ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. హెలికాప్టర్‌లో కంగారు పుట్టినప్పుడు చెయ్యి తనంతట తాను చేసే పని దాదాపు ప్రతిసారీ తప్పు పనే. ఆ తప్పు మొదలైన క్షణానికీ, పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి కంట్రోల్స్ మీద పడే క్షణానికీ మధ్య ఎంత టైమ్ పోయిందో చూడాలి. ఇంజన్ వల్ల, వాతావరణం వల్ల వచ్చే ప్రమాదాలు అందరికీ ఉన్నాయి, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న పైలట్‌కీ ఉన్నాయి. ట్రైనింగ్‌కే ప్రత్యేకమైనది మాత్రం ఇదే.

ముందు హోవర్, అంటే నేలకి కాస్త పైన ఒకేచోట గాల్లో నిలబడటం. మొదటి పాఠాల్లో మీ చెయ్యి ఎలా ఉంటుందో మీకు తెలీదు, పక్కన కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది. సైక్లిక్, అంటే హెలికాప్టర్‌ని ముందుకీ వెనక్కీ పక్కలకీ వాల్చే కర్ర, దాన్ని పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉంటాయి, మోచెయ్యి గాల్లో ఉంటుంది, భుజం చెవిదాకా లేస్తుంది, ఊపిరి బిగబట్టేస్తారు. హెలికాప్టర్ కొంచెం ఎడమకి జరిగింది, మీరు కుడికి నెట్టారు. ఏమీ కాలేదు అనిపించింది, ఇంకాస్త నెట్టారు. అప్పుడు మొదటిసారి నెట్టిందీ రెండోసారి నెట్టిందీ కలిసి ఒకేసారి వస్తాయి. ఎందుకంటే సైక్లిక్ కదిపితే ముందు వాలేది రోటర్ డిస్క్, అంటే పైన తిరిగే బ్లేడ్ల చక్రం, దాని కింద వేలాడుతున్న బాడీ కాస్త ఆలస్యంగా వెనకాలే వస్తుంది. ఆ ఆలస్యం ఒంటికి పట్టేదాకా స్టూడెంట్ చేసేదల్లా ఎప్పుడో పోయిన కదలికని ఇప్పుడు దిద్దడం. దానితో ఊగుడు పెరుగుతుంది. ఎడమ, కుడి, ఇంకా ఎడమ, ఇంకా కుడి, ఈలోగా ఎత్తు తగ్గుతున్న సంగతి ఎవరూ చూడరు.

దీనికి మందు మీ ఇన్‌స్ట్రక్టర్లు రోజూ చెప్పేదే. ముంజెయ్యి తొడ మీద ఆనించండి, కర్రని గుప్పిట్లో పిసకకుండా బొటనవేలు, రెండు వేళ్ళతో పట్టుకోండి, కదపకుండా ఒత్తిడి మాత్రం పెట్టండి. చూపు ముక్కు ముందున్న గడ్డి మీద కాదు, దూరంగా. ఎన్ని గంటలకి వస్తుంది సార్ అని అడుగుతారు. ఒకరికి తొందరగా, ఒకరికి ఆలస్యంగా, కానీ వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా వచ్చేస్తుంది, నిన్న రానిది ఇవాళ వచ్చేస్తుంది. ఇక్కడున్న ఇన్‌స్ట్రక్టర్లకి చెప్తున్నాను, స్టూడెంట్‌కి హోవర్ వచ్చేసిందని మీకు అనిపించిన మర్నాడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది. మొదటి వారం మీ వేళ్ళు కంట్రోల్‌కి అంగుళం దూరంలో ఉంటాయి. హోవర్ వచ్చాక అవి మెల్లగా మీ ఒళ్ళోకి వచ్చేస్తాయి.

ఇక డైనమిక్ రోలోవర్, అంటే నేల దగ్గరే హెలికాప్టర్ పక్కకి దొర్లిపోవడం. అందరూ పుస్తకంలో చదివారు, పరీక్షలో రాశారు, మార్కులు కూడా వచ్చాయి. అయినా ట్రైనింగ్ హెలికాప్టర్లు పక్కకి బోర్లా పడుతూనే ఉన్నాయి, అందుకని మళ్ళీ చెప్పుకుందాం. నడుస్తున్న మనిషి కాలు గడపకి తగిలితే పాదం ఆగిపోతుంది, పై ఒళ్ళు మాత్రం వెళ్ళిపోతుంది చూడండి, సరిగ్గా అదే. ఒక స్కిడ్, అంటే హెలికాప్టర్ కింద కాళ్ళలా ఉండే కడ్డీ, దేనికో పట్టుకుంది, తడి గడ్డి కావచ్చు, మెత్తటి తారు కావచ్చు, విప్పడం మర్చిపోయిన టై-డౌన్ తాడు కావచ్చు. హెలికాప్టర్ పక్కకి జరగబోతోంది. కలెక్టివ్, అంటే ఎడమచేత్తో లాగితే హెలికాప్టర్‌ని పైకి లేపే మీట, పైకి వస్తోంది కాబట్టి రోటర్ లాగే బలం దాదాపు హెలికాప్టర్ బరువంత ఉంది. ఈ మూడూ కలిస్తే చాలు. గాల్లో ఉన్నప్పుడు హెలికాప్టర్ తన బరువుకేంద్రం చుట్టూ తిరుగుతుంది, సైక్లిక్ చెప్పిన మాట వింటుంది. ఇప్పుడు తిరిగేది పట్టుకుపోయిన ఆ స్కిడ్ చుట్టూ. సైక్లిక్ మొత్తం రెండో పక్కకి కొట్టినా ఒక కోణం దాటాక వెనక్కి రాదు. ఆ కోణం పెద్దదేమీ కాదు, హెలికాప్టర్‌ని బట్టి, గాలిని బట్టి, బరువుని బట్టి 5 నుంచి 8 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. సీట్లో కూర్చున్నవాడికి అది పడిపోతున్నట్టు ఉండదు, కొంచెం ఒరిగింది అన్నట్టే ఉంటుంది.

మరి చెయ్యి ఏం చేస్తుంది? హెలికాప్టర్ ఒరుగుతోంది, నేల దగ్గరకొస్తోంది, ఇక్కడినుంచి పైకి లేచిపోదాం అంటుంది. కలెక్టివ్ లాగుతుంది. అదే ముంచేది. అక్కడ రోటర్ బలం పైకి కాదు, వాలిన వైపుకి లాగుతోంది, కలెక్టివ్ పెంచితే ఇంకా గట్టిగా అటే లాగుతుంది. చెయ్యాల్సింది కలెక్టివ్ దించడం. అదీ ధబీమని కాదు, మెత్తగా, ఎందుకంటే గబుక్కున వదిలేస్తే రెండో స్కిడ్ నేలకి కొట్టుకుని అటువైపు ఎగిరి పడే వీలుంది. బోర్లా పడబోతున్నవాడు చెయ్యి కిందికి దించాలి! శరీరానికి ఇది ఎంత అసహజమో ఆలోచించండి.

ఇప్పుడు దీన్ని మొదటి సోలోకి తీసుకెళ్దాం. చాలా స్కూళ్ళలో వాడే రాబిన్సన్ ఆర్22 గరిష్ఠ బరువు 622 కిలోలు. ఇన్‌స్ట్రక్టర్ 80 కిలోల మనిషి అనుకుందాం. నిండు బరువులో ఎగురుతున్న హెలికాప్టర్ నుంచి ఆయన దిగిపోతే ఎనిమిదో వంతు బరువు దిగిపోయినట్టు. ఆయన బయటికి వచ్చి, ఖాళీ సీటు బెల్టు బిగించి, తలుపు వేసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, ఒంగి నడుచుకుంటూ వెళ్ళి దూరంగా నిలబడి బొటనవేలు చూపిస్తాడు. మీరు ఒక్కరే. ఇన్నాళ్ళూ కలెక్టివ్ ఇంత దూరం వచ్చాక స్కిడ్లు తేలికవడం మీ ఎడమచేతికి అలవాటు. ఇవాళ అంతదాకా రాకముందే తేలికైపోయింది. మీరు కూర్చుంది కుడి సీట్లో, ఎడమ సీటు ఖాళీ, కాబట్టి బరువుకేంద్రం కుడికి జరిగింది. రాబిన్సన్లలో రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, తోక దగ్గరుండే చిన్న రోటర్, అంటే టెయిల్ రోటర్, దాని నెట్టుడు మొత్తం హెలికాప్టర్‌ని కుడికే నెడుతుంది. గాలి కూడా ఎడమ పక్కనుంచి వస్తోందనుకోండి, అదీ కుడికే. అన్నీ ఒకే వైపు. ఎడమ సైక్లిక్ నిన్నటికంటే ఎక్కువ కావాలి, చెయ్యి మాత్రం నిన్న పెట్టినంతే పెట్టింది. ఎడమ స్కిడ్ ముందు లేచింది, కుడి స్కిడ్ మడమ గడ్డిలోనే ఉంది. నిన్నటిదాకా ఎప్పుడూ అలా లేవలేదు.

ఇక్కడ తప్పించుకునేవాళ్ళు తెలివైనవాళ్ళనీ పడిపోయేవాళ్ళు తక్కువవాళ్ళనీ కాదు. తప్పించుకునేవాళ్ళు ఒక పని చేస్తారు: స్కిడ్లు తేలికయ్యే దగ్గర ఆగుతారు. ఒక క్షణం అలాగే పట్టుకుని, ఎటు జరగాలని చూస్తోంది, ఏ పెడల్ కావాలి అని చూసుకుని, సరిచేసుకుని, అప్పుడు మిగతా కొంచెం లాగుతారు. నచ్చకపోతే దించేస్తారు. ఇన్‌స్ట్రక్టర్ దూరం నుంచి చూస్తున్నాడు, ఇంకా లేవడంలేదేంటి అనుకుంటాడేమో అని టెన్షన్ పడి గబుక్కున లాగేస్తేనే వస్తుంది చిక్కు. అనుకోనివ్వండి. ఆయనకి వేరే పనేం లేదు ఆ పూట.

అమెరికాలో ఆర్22లో సోలోకి పంపాలంటే ఆ హెలికాప్టర్‌లోనే కనీసం 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి ఉండాలని 1995లో ప్రత్యేక నియమం పెట్టారు. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి కావాల్సిన మొత్తం కనీస గంటలే 40. అంటే అందులో సగం. ఆ నియమం ఎందుకొచ్చిందో తెలియాలంటే ఈ హెలికాప్టర్ కథ కొంచెం తెలియాలి.

ఫ్రాంక్ రాబిన్సన్ ఆర్22ని డిజైన్ చేసింది స్కూళ్ళ కోసం కాదు, సొంతానికి కొనుక్కుని తిరిగేవాళ్ళ కోసం. 1975లో మొదటిసారి ఎగిరింది, 1979లో సర్టిఫికేట్ వచ్చింది. మిగతా హెలికాప్టర్లతో పోలిస్తే చవక, నడిపే ఖర్చు కూడా తక్కువ, ఇంకేముంది, స్కూళ్ళన్నీ అదే కొన్నాయి. నేనేదో దాన్ని తిట్టడానికి చెప్పడంలేదు, చక్కటి మిషన్, చెప్పినట్టు వింటుంది. చెప్పింది తప్పయినా అంతే వేగంగా వింటుంది, అదే దాని గుణం. రెండే బ్లేడ్లు, తేలికైనవి. తేలికైన రోటర్‌లో దాచుకున్న శక్తి తక్కువ. ఇంజన్ ఆగితే కలెక్టివ్ దించడానికి మీకున్న టైమ్ ఒక సెకను అటూ ఇటూ.

ఇందాక తర్వాత చెప్తానన్నది ఇదే. ఇంజన్ ఆగితే ఫ్రీవీలింగ్ యూనిట్ రోటర్‌ని ఇంజన్ నుంచి విడదీస్తుంది. కలెక్టివ్ వెంటనే దించితే బ్లేడ్ల కోణం తగ్గుతుంది, కింద నుంచి పైకి వచ్చే గాలే రోటర్‌ని తిప్పుతూ ఉంటుంది. చిన్న ట్రైనర్లలో నిమిషానికి 1500 అడుగులు అటూ ఇటూగా దిగుతారు, అంటే 500 అడుగుల నుంచి నేలకి ఇరవై సెకన్లు. చివర్లో ఫ్లేర్ చేసి, అంటే ముక్కు పైకెత్తి, వేగం చంపి, మిగిలిన రోటర్ శక్తిని కలెక్టివ్‌తో వాడుకుని కూర్చోబెడతారు. ఇది పని చేస్తుంది, రోజూ చేస్తున్నారు. పని చెయ్యనిది ఎప్పుడంటే, ఆర్‌పీఎం, అంటే రోటర్ తిరిగే వేగం, పోయినప్పుడు. ఆర్22లో రోటర్ 97 శాతానికి పడగానే హార్న్ మోగుతుంది. తయారుచేసినవాళ్ళు చెప్పే లెక్క ప్రకారం 80 శాతం, దానికి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి ఇంకో శాతం కలపండి, అంతకంటే కిందికి పోతే బ్లేడ్లు స్టాల్ అవుతాయి, అంటే పైకి లేపే బలం కోల్పోతాయి. విమానం రెక్క స్టాల్ అయితే ముక్కు దించి తేరుకోవచ్చు. ఇక్కడ తేరుకోవడం అనేది లేదు. హార్న్‌కీ ఆ గీతకీ మధ్య ఉన్న కాసేపట్లో చెయ్యాల్సింది ఇంజన్ పవర్ పెంచే థ్రాటిల్ తిప్పుతూ కలెక్టివ్ దించడం. కింద చెట్లున్నాయి, ఎత్తు తక్కువ, హార్న్ చెవిలో అరుస్తోంది, చెయ్యి మళ్ళీ అదే పని చేస్తుంది: పైకి లాగుతుంది. గమనించారా? రోలోవర్‌లో చేసిన తప్పే ఇక్కడా. నేలని చూసి భయపడిన ఎడమచెయ్యి.

కుడిచేతికి దాని తప్పు దానికుంది. ముందుకెళ్తున్న హెలికాప్టర్‌ని సైక్లిక్‌తో గబుక్కున ముందుకి నెట్టారనుకోండి, సీట్లోంచి లేచిపోతున్నట్టు ఒళ్ళు తేలికవుతుంది. అప్పుడు రోటర్ కింద బాడీ బరువుగా వేలాడటం లేదు. రెండు బ్లేడ్ల రోటర్‌కి ఆ బరువే ఆధారం. టెయిల్ రోటర్ మాత్రం నెడుతూనే ఉంది, దాంతో బాడీ కుడికి ఒరుగుతుంది. కుడికి ఒరిగితే ఎవరైనా ఏం చేస్తారు, ఎడమకి కొడతారు. రోటర్ ఎడమకి వాలుతుంది, బాడీ మాత్రం కుడికే పోతుంది, మధ్యలో హబ్, అంటే బ్లేడ్లు కలిసే చోటు, వెళ్ళి మాస్ట్‌కి, అంటే రోటర్‌ని మోసే కడ్డీకి, కొట్టుకుంటుంది. మాస్ట్ తెగొచ్చు, లేదా బ్లేడు బాడీని నరకొచ్చు. చెయ్యాల్సింది ముందు సైక్లిక్ మెల్లగా వెనక్కి, రోటర్ మీద మళ్ళీ బరువు పడనివ్వాలి, ఒరుగుడు తర్వాత సరిచేసుకోవచ్చు. ఇది గాల్లో చేసి చూపించే పాఠం కాదు. చేసి చూపించడం నిషేధించారు కూడా. నేల మీద, బోర్డు మీద, నోటితో చెప్పి, చేత్తో చేయించి నేర్పాల్సిందే.

1992 జూన్‌లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ దగ్గర ఒక ఆర్22 కూలిపోయింది. లోపల ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక స్టూడెంట్. ఇద్దరూ చనిపోయారు. ఆ రోజు పాఠాన్ని చిన్న టేప్ రికార్డర్‌లో రికార్డు చేస్తున్నారు. ఇలాంటి చిన్న హెలికాప్టర్లలో అప్పట్లో వాయిస్ రికార్డర్లు ఉండేవి కావు, ఆ టేపు ఉండబట్టే లోపల ఏం జరిగిందో కొంతైనా తెలిసింది. మామూలు పాఠం, మామూలు మాటలు, కంగారు లేదు, ఫలానాది పాడైందన్న మాట లేదు. ఉన్నట్టుండి ముగిసింది. మెయిన్ రోటర్ బ్లేడు బాడీని కొట్టింది. అలాంటి ప్రమాదాలు ఇంకా ఉన్నాయని అమెరికా రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, అన్నిటినీ కలిపి చూసి 1996లో ప్రత్యేక నివేదిక ఇచ్చింది. పెద్దగా, ఆకస్మికంగా చేసిన కంట్రోల్ కదలికలే చాలా కేసుల్లో కారణం అయ్యుండొచ్చని అందులో అన్నారు. ఇందాక చెప్పిన 20 గంటల నియమం, కొత్త పైలట్లు గాలి 25 నాట్లు, అంటే గంటకి దాదాపు 46 కిలోమీటర్లు, దాటితే ఆర్22 తియ్యకూడదన్న పరిమితి, లో-జీ, అంటే ఇందాక చెప్పిన ఒళ్ళు తేలికయ్యే పరిస్థితి, దాని గురించి, రోటర్ ఆర్‌పీఎం గురించి తప్పనిసరి క్లాసులు, ఇవన్నీ ఆ కాలంలో వచ్చినవే.

ఆ ప్రమాదంలో నన్ను ఆపేసే విషయం ఒకటుంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. ఉన్నా సరిపోలేదు. పక్కన సార్ ఉన్నారు కదా అనే ధైర్యంతో మనం ట్రైనింగ్ మొత్తం నడుపుతాం. ఆ ధైర్యానికి ఒక హద్దుంది, ఆ హద్దు సెకన్లలో కూడా కాదు, అంతకంటే తక్కువలో ఉంటుంది. ఏదో జరుగుతోందని కళ్ళు చూడాలి, బుర్ర నమ్మాలి, చెయ్యి వెళ్ళాలి, వెళ్ళాక స్టూడెంట్ చెయ్యి వదలాలి. ఆ చివరిది ఎవరూ లెక్కలో వేసుకోరు. భయపడ్డ మనిషి పట్టు వదలడు, ఇంకా బిగిస్తాడు. మీకంటే బలమైన స్టూడెంట్ అయితే మీరు లాగినా రాదు.

ఆర్22లో సైక్లిక్ ఎలా ఉంటుందో తెలుసుగా, మధ్యలో ఒకే కర్ర, దాని మీద టీ ఆకారంలో అడ్డకర్ర, రెండు వైపులా పిడులు. స్టూడెంట్ తన పిడిని తొడ మీదికి దించుకుంటే ఇన్‌స్ట్రక్టర్ వైపు పిడి పైకి లేచి గాల్లో ఉంటుంది. చేతికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. గంటసేపు చెయ్యి అలా గాల్లో పట్టుకుని కూర్చోండి, ఎంత నొప్పి పుడుతుందో తెలుస్తుంది. నొప్పి పుడితే చెయ్యి దిగుతుంది. సాయంత్రం నాలుగో స్టూడెంట్‌తో ఎగురుతున్న ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఎక్కడుంటుందో మీరే చెప్పండి. స్కూలు షెడ్యూల్ వేసేవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, ఈ ముక్క మీకే.

(నవ్వులు)

నవ్వండి గానీ, రాబిన్సన్ కంపెనీయే తన సేఫ్టీ నోటీసుల్లో ఇదే రాసింది. డెమో ఫ్లైట్లలో, మొట్టమొదటి పాఠాల్లో ప్రమాదాలు ఉండాల్సినదానికంటే ఎక్కువ జరుగుతున్నాయని, కొత్తవాడు కంట్రోల్‌ని అనుకోకుండా పెద్దగా కదిపితే అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కూడా సరిదిద్దలేకపోవచ్చని. ఇంకో నోటీసు థ్రాటిల్ గురించి. చెప్పాపెట్టకుండా థ్రాటిల్ కోసేసి, ఇప్పుడు ఇంజన్ పోయింది ఏం చేస్తావో చెయ్యి అనే ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు. వాళ్ళ గురువుగారు వాళ్ళకి అలాగే చేశాడు, వీళ్ళూ అలాగే చేస్తున్నారు. వీళ్ళు నేర్చుకున్నది థ్రాటిల్ కోస్తే తాము ఏం చెయ్యాలో. స్టూడెంట్ బిగుసుకుపోతే, తప్పు పెడల్ తొక్కితే, కలెక్టివ్ దించాల్సింది పోయి పైకి లాగితే తామేం చెయ్యాలో నేర్చుకోలేదు. సర్‌ప్రైజ్‌లు పుట్టినరోజుకి ఇచ్చుకోండి. గాల్లో ముందు మాట, తర్వాత థ్రాటిల్.

ఆటోరొటేషన్, అంటే ఇందాక చెప్పిన ఇంజన్ లేకుండా దిగడం, దాని ప్రాక్టీసులో ఇంకో వింత ఉంది. అసలు ఇంజన్ ఆగిపోవడం చాలా అరుదు. ఆ అరుదైన దానికోసం ప్రాక్టీస్ చేస్తూ ఏటా హెలికాప్టర్లు విరగ్గొట్టుకుంటున్నాం. ప్రాక్టీస్ మానెయ్యమని కాదు, మానేస్తే ఆ అరుదైన రోజు బతకరు. కానీ ఒక గేటు పెట్టుకోవాలి. నేలకి 100 అడుగులు వచ్చేసరికి రోటర్ ఆర్‌పీఎం సరిగ్గా ఉందా, స్పీడు ఉందా, దిగే వేగం మామూలుగా ఉందా. ఒక్కటి సరిగ్గా లేకపోయినా పవర్ పెట్టి వెళ్ళిపోవాలి, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి అప్పటికే థ్రాటిల్ మీద ఉండాలి. ఫ్లేర్‌లో సరిచేసుకుందాంలే అంటే సరికాదు. వందడుగుల్లో నాలుగు సెకన్లున్నాయి, అందులో ఫ్లేర్ కూడా చెయ్యాలి.

కంట్రోల్ ఎవరి దగ్గరుందో అనే గొడవ కూడా ఇక్కడే తెగాలి. "ఐ హావ్ కంట్రోల్", "యూ హావ్ కంట్రోల్", మళ్ళీ "ఐ హావ్ కంట్రోల్". మూడు మాటలు, ప్రతిసారీ. స్నేహం ముదిరాక ఒక మాట అయిపోతుంది, ఆ తర్వాత తలూపుడు అయిపోతుంది. ఇద్దరూ ఎదుటివాడు నడుపుతున్నాడనుకుని ఎవరూ నడపని హెలికాప్టర్‌ని ఊహించుకోండి, ఇది జోకు కాదు, జరుగుతుంది. స్టూడెంట్లకి ఒకటే చెప్తాను, ఇన్‌స్ట్రక్టర్ ఆ మాట అన్నాడంటే మీ చేతులు పైకెత్తి కనిపించేలా పెట్టండి. అవమానం అనుకోకండి. సాయంగా కాస్త పట్టుకుంటానని మాత్రం అస్సలు అనుకోకండి.

ప్రమాదం జరిగాక ఏమవుతుందో కూడా రెండు మాటలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐసీఏఓ, దాని అనెక్స్ 13 అని ఒకటుంది, విమాన ప్రమాదాల దర్యాప్తు ఎలా చెయ్యాలో చెప్పేది. అందులో దర్యాప్తు లక్ష్యం ఇంకో ప్రమాదం జరక్కుండా చూడటం మాత్రమేనని, తప్పెవరిదో తేల్చి శిక్షించడం కాదని స్పష్టంగా ఉంది. కాగితం మీద అలా ఉంది. క్యాంటీన్లో మాత్రం పదినిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: ఆ కుర్రాడికి చెయ్యి లేదు, మొదటి నుంచీ అంతే. నాకు ఆ మాట నచ్చదు. చెయ్యి ఎవరికీ పుట్టుకతో ఉండదు, హెలికాప్టర్‌కి సరిపడే చెయ్యి అసలే ఉండదు. స్టూడెంట్ తప్పు చేస్తాడు, తప్పు చెయ్యడానికే ఫీజు కట్టాడు. ఆ తప్పుని పట్టుకోవాల్సిన ఏర్పాటు ఎందుకు పట్టుకోలేదన్నదే అడగాల్సిన ప్రశ్న: గాలి ఎంతుంది, గడ్డి తడిగా ఉందా, ఇన్‌స్ట్రక్టర్‌కి అది ఎన్నో ఫ్లైటు, సోలోకి ముందు ఒంటరి బరువులో ఎలా లేస్తుందో ఎవరైనా చెప్పారా.

ప్రశ్నలు తీసుకుందాం. చెప్పమ్మా, మూడో వరసలో.

"సార్, ఒకవేళ నిజంగా పడిపోతే, హెలికాప్టర్ పక్కకి పడి ఉంటే, మొదట ఏం చెయ్యాలి?"

మంచి ప్రశ్న, ఇది ఎవరూ అడగరు. మొదట చెయ్యాల్సింది కదలకుండా ఉండటం. మీ చెయ్యి ఇక్కడ కూడా తప్పు పనే చెయ్యబోతుంది, బెల్టు బటన్ నొక్కబోతుంది. బ్లేడ్లు నేలని కొట్టి విరుగుతూ ఇంకా తిరుగుతూ ఉండొచ్చు, వాటి ముక్కలు ఎటు ఎగురుతాయో తెలీదు. శబ్దం పూర్తిగా ఆగేదాకా బెల్టులోనే ఉండండి. ఈలోగా చేతికి అందేవి చెయ్యండి: ఇంజన్‌కి పెట్రోలు ఆపే మిక్స్చర్ మీట లాగెయ్యండి, ఫ్యూయల్ వాల్వ్ మూసెయ్యండి, మాస్టర్ స్విచ్ ఆపెయ్యండి. ఇవి ఎక్కడున్నాయో కళ్ళు మూసుకుని తాకగలగాలి, నేల మీద కూర్చుని ప్రాక్టీస్ చెయ్యండి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, ఎవరైనా నవ్వినా సరే. మంటలు కనిపిస్తేనో, పెట్రోలు వాసన ఘాటుగా వస్తేనో మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు బ్లేడ్లు ఆగగానే బయటపడాలి. అందుకే సింథటిక్ టీ షర్టులు వద్దు, అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి, కాటన్ వేసుకోండి, మోచేతులు కప్పేలా. రాబిన్సన్లలో పాత లోహపు ట్యాంకుల బదులు బ్లాడర్లు, అంటే లోపల సాగే సంచులు, ఉన్న ట్యాంకులు పెట్టించాక ఆ భయం కొంత తగ్గింది, మీరు ఎగిరేదాంట్లో అవి ఉన్నాయో లేవో మీ ఇంజనీర్‌ని అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇంకొకటి, బయటికి రాబోయేముందు ఒక తలుపు నేల వైపు ఉంటుంది, ఇంకోటి ఆకాశం వైపు. మీరు బెల్టుకి వేలాడుతూ ఉన్నారా, దాని మీద కూర్చుని ఉన్నారా చూసుకోండి. వేలాడుతూ ఉంటే ఒక చేత్తో ఏదైనా గట్టిగా పట్టుకుని, కాళ్ళు ఆనించుకుని, అప్పుడు బటన్ నొక్కండి. లేకపోతే ప్రమాదంలో తగలని దెబ్బ పక్కవాడి మీద పడి తగులుతుంది. పక్కవాడికీ తగులుతుంది.

నీకేనా బాబూ తర్వాతి ప్రశ్న? మైక్ అటు ఇవ్వండి.